మోరోవిండ్: ఏ లోపాన్ని తీసేస్తే ఏ బలం పోతుంది

‘ది ఎల్డర్ స్క్రోల్స్ 3: మోరోవిండ్’ అనే కంప్యూటర్ ఆట ఆడిన ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి అభిప్రాయం అడిగితే, ఒకరు తాము ఆడిన రోల్‌ప్లేయింగ్ (ఒక పాత్రగా మారి ఆడే) గేములన్నిటిలోకీ అదే గొప్పదని చెబుతారు, రెండోవారు ఒక పీత మీద ఎన్నిసార్లు కత్తి దూసినా ఒక్క దెబ్బ కూడా తగలక, విసిగిపోయి ఆట కట్టేశామని చెబుతారు. ఇద్దరూ ఉన్నమాటే చెబుతున్నారు. బెథెస్డా సంస్థ 2002 మే నెలలో విడుదల చేసిన ఈ ఆట మీద వచ్చిన పొగడ్తలను ఒక వరుసలో, ఫిర్యాదులను మరో వరుసలో రాసి లెక్క తేల్చాలని చూస్తే ఆ లెక్క తేలదు, ఎందుకంటే చాలా చోట్ల పొగడ్తకు కారణమైనదే ఫిర్యాదుకూ కారణం. అలాగని అందులోని లోపాలన్నీ మారువేషంలో ఉన్న సుగుణాలేనని వాదించే వీరాభిమానుల ధోరణీ సరికాదు. వాటిలో కొన్ని వట్టి లోపాలే. అందుచేత ఒక్కో లోపాన్ని విడిగా పట్టుకుని, దాన్ని పీకేస్తే దానితో పాటు ఇంకేం ఊడి వస్తుందో చూడడమే ఈ చిక్కును విప్పడానికి ఉన్న దారి.

ముందుగా ఆట స్వరూపం. ఈ వరుసలో మొదటిదైన ‘ఎరీనా’ 1994లోనూ, రెండోదైన ‘డాగర్‌ఫాల్’ 1996లోనూ వచ్చాయి. డాగర్‌ఫాల్‌లోని విశాలమైన భూభాగంలో అత్యధిక భాగాన్ని కంప్యూటర్ ప్రోగ్రామే పుట్టించింది. ఎంత దూరం వెళ్లినా అదే ఊరు మళ్లీ మళ్లీ వచ్చినట్టు అనిపించడం దాని ఫలితం. టాడ్ హోవర్డ్ నేతృత్వంలో, కెన్ రోల్‌స్టన్ ప్రధాన రూపకర్తగా తయారైన మోరోవిండ్ దీనికి సరిగ్గా ఎదురు దిక్కుకు నడిచింది. వార్డెన్‌ఫెల్ అనే ఒకే ఒక్క ద్వీపాన్ని తీసుకుని, మధ్యలో ఎర్ర పర్వతమనే అగ్నిపర్వతాన్ని నిలిపి, చుట్టూ బూడిద నేలలనూ, చెట్లంత పుట్టగొడుగులనూ, పీత డిప్పల్లాంటి ఇళ్లనూ చేతితో పేర్చుకుంటూ వచ్చింది. కోటలూ ఓక్ అడవులూ ఉండే మామూలు ఫాంటసీ లోకం ఇక్కడ పరాయి సామ్రాజ్యపు సైనిక శిబిరాల్లో మాత్రమే కనిపిస్తుంది. ఆడేవారు ఒక ఖైదీగా ఓడలో సీడా నీన్ అనే చిన్న రేవులో దిగుతారు. అక్కడి జనాభా లెక్కల కార్యాలయంలో పేరు, వృత్తి, పుట్టిన రాశి నమోదు చేయించుకుంటారు. 10 జాతులు, 8 లక్షణాలు, 27 నైపుణ్యాలు, 13 రాశుల నుంచి ఒక మనిషి తయారవుతాడు. ఆ తరువాత తలుపు తెరుచుకుంటుంది, ఇక ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించరు.

పీత కథ మొదలయ్యేది ఇక్కడే. కార్యాలయం బల్ల మీద ఒక ఇనుప బాకు ఉంటుంది. కొత్తగా ఆడేవారు పొడవు కత్తినో గొడ్డలినో తమ ప్రధాన నైపుణ్యంగా ఎంచుకుని కూడా, చేతికి దొరికింది కదా అని ఆ బాకును పట్టుకుని బయటికి పరుగెత్తుతారు. ఈ ఆటలో దెబ్బ తగలడం, తగలకపోవడం కత్తి మొన ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి తేలదు. కాగితం మీద పాచికలతో ఆడే పాత ఆటల్లో మాదిరిగా ఒక లెక్క దాన్ని తేలుస్తుంది. ఆయుధంలో ఉన్న నైపుణ్యానికి చురుకుదనంలో అయిదో వంతునూ, అదృష్టంలో పదో వంతునూ కలిపి, వచ్చిన మొత్తాన్ని అలసట గుణకంతో హెచ్చవేస్తారు. ఒంట్లో ఓపిక నిండుగా ఉంటే ఆ గుణకం 1.25, పూర్తిగా అయిపోతే 0.75. అందులోంచి ఎదుటి ప్రాణి తప్పించుకునే శక్తిని తీసివేస్తే మిగిలేదే నూటికి ఎన్ని దెబ్బలు తగులుతాయన్న అంకె.

చురుకుదనం 40, అదృష్టం 40 ఉన్న మనిషిని తీసుకుందాం. ఎదుటి ప్రాణి తప్పించుకునే శక్తిని 10 అనుకుందాం. తాను నేర్చిన ఆయుధంలో నైపుణ్యం 30 ఉండి, ఓపిక నిండుగా ఉంటే 42ను 1.25తో హెచ్చవేసి 10 తీసేయగా నూటికి సుమారు 42 దెబ్బలు తగులుతాయి. అదే మనిషి తనకు నైపుణ్యం 5 మాత్రమే ఉన్న బాకుతో, దారంతా పరుగెత్తి ఓపిక సున్నాకు తెచ్చుకుని పీత ముందు నిలబడితే 17ను 0.75తో హెచ్చవేసి 10 తీసేయాలి. మిగిలేది మూడు కన్నా తక్కువ. అంటే నూరు సార్లు పొడిస్తే రెండో మూడో తగులుతాయి. ఆట తప్పు చేయడం లేదు. ఆయుధం తెలియని మనిషి రొప్పుతూ కత్తి ఝళిపిస్తే ఏం జరగాలో అదే జరుగుతోంది. కాకపోతే ఆ సంగతి చెప్పవలసిన విధంగా చెప్పడం లేదు.

నా దృష్టిలో ఈ యుద్ధ పద్ధతిలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఒకే ఫిర్యాదుగా వినిపిస్తున్నాయి. లెక్క పాత్ర నేర్చుకున్న విద్యకు విలువనిస్తుంది: ఆడేవారి వేళ్ల వేగం మారకపోయినా, నలభై గంటల తరువాత ఆ పాత్ర నిజంగానే వేరే మనిషి అవుతుంది, మొదట్లో తప్పిన కత్తి ఇప్పుడు తప్పదు. ఇది బలం. కానీ ఆ లెక్కను మన కళ్ల ముందు చూపించే బొమ్మ అబద్ధం చెబుతుంది. కత్తి పీత డిప్పలోంచి దూసుకుపోయినట్టు కంటికి కనబడుతుంది, గాలి కోసిన చప్పుడు తప్ప ఏమీ జరగదు. పీత పక్కకు జరిగినట్టో, దెబ్బ డిప్ప మీద జారినట్టో చూపించే కదలిక ఒక్కటీ లేదు. పైనుంచి చూస్తూ ఆడే ఆటల్లో ‘తప్పింది’ అన్న అక్షరాలను నమ్మడం సులువు. పాత్ర కళ్లతోనే లోకాన్ని చూస్తున్నప్పుడు కన్ను చూసినదాన్ని కాదని అంకెను నమ్మడం కష్టం. కాబట్టి లెక్కను ఉంచి బొమ్మను బాగు చేయవచ్చు. ఈ లోపంలో సగం వదిలించుకోదగినదే.

దారి వెతుక్కోవడం దీనికన్నా చిక్కైన విషయం. బాల్మోరా పట్నంలో కైయస్ కొసేడ్స్ అనే సామ్రాజ్య గూఢచారి మొదటి పని అప్పగిస్తూ యోధుల సంఘంలోని ఒక పండితుడిని కలవమంటాడు. ఆ పండితుడు ఒక మర పెట్టె తెచ్చిపెట్టమని అడుగుతాడు. అది ఆర్క్‌న్‌గ్థాండ్ అనే శిథిలాల్లో ఉంది. పటం మీద గుర్తు వేయరు, తెర మీద బాణం ఉండదు. ఊరు దాటి సైనిక కోట పక్కగా వెళ్లమని, దారి గుర్తులు చూసుకుంటూ నడిచి, లావా పారి ఎండిపోయిన లోయ మీద, అంతరించిపోయిన డ్వెమర్ జాతి కట్టిన పాత వంతెన దాటమని, ద్వారం దగ్గర గొట్టానికి ఉన్న మర తిప్పితే తలుపు తెరుచుకుంటుందని నోటిమాటగా చెబుతారు. వంతెన దగ్గర పొరపాటున లోయలోకి దిగినవాళ్లు అగ్నిపర్వతం వైపు గంటసేపు నడుస్తారు. సరైన శిథిలాలకే చేరినా, కావలసిన పెట్టె ఒక అల్మారాలో గుప్పెడంత బొమ్మగా ఉంటుంది. దాని ముందు నుంచే నాలుగుసార్లు నడిచిపోయి తిరిగివచ్చినవారు తక్కువేమీ కాదు.

ఈ అవస్థ వల్ల ఏం లాభం అని అడగవచ్చు. దారి చెప్పాలంటే చెప్పేవాడికి ఆ నేల తెలిసి ఉండాలి, నేల మీద చెప్పుకోదగిన గుర్తులు ఉండాలి. వంతెన, వాగు, మూడు దారుల కూడలి, ఒంటరి పుట్టగొడుగు వంటివి అందం కోసం పెట్టిన వస్తువులుగా మిగిలిపోకుండా, దారి చెప్పే భాషలో పదాలవుతాయి. ప్రయాణ సాధనాలదీ ఇదే కథ. కోరిన చోటుకు పటం మీద నొక్కి ఎగిరిపోయే వీలు లేదు. సిల్ట్ స్ట్రైడర్ అనే పొడవు కాళ్ల మహా కీటకం కొన్ని ఊళ్ల మధ్య తిరుగుతుంది, పడవలు తీరం వెంబడి పోతాయి, మాంత్రిక సంఘం తన అయిదు శాఖల మధ్య క్షణంలో పంపిస్తుంది. ఒక మంత్రం దగ్గరలోని ఆలయానికీ, మరొకటి సామ్రాజ్యపు పూజాస్థలానికీ, ‘మార్క్’, ‘రీకాల్’ అనే జంట మంత్రాలు ముందే గుర్తు పెట్టుకున్న ఒకే ఒక్క చోటుకూ తీసుకువెళతాయి. వీటిని ముడివేసుకుని ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలో తెలుసుకోవడం ఒక విద్య. ఇరవై గంటలు ఆడిన తరువాత పటం తెరవకుండానే ప్రయాణం కట్టగలుగుతారు, ద్వీపం తెలిసిన ఊరవుతుంది.

అయితే చెప్పిన దారే కొన్ని చోట్ల తప్పుగా ఉండడం, తూర్పుకు బదులు పడమర అని రాయడం వంటివి ఏ బలానికీ పునాది కావు, అవి అజాగ్రత్త. మొదట వచ్చిన దినచర్య పుస్తకమూ అంతే. పని వారీగా విడదీయకుండా, జరిగిన క్రమంలోనే అన్నీ ఒకదాని కింద ఒకటి పేరుకుపోయేవి. వారం కిందట ఎవరో చెప్పిన దారి కావాలంటే పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోవాలి. 2002 నవంబరులో వచ్చిన ‘ట్రైబ్యునల్’ అనే విస్తరణ పనుల జాబితాను చేర్చి దీన్ని చాలావరకు సరిచేసింది. దానివల్ల ఆటలో ఏ గుణమూ తరగలేదు. వట్టి లోపానికి ఆనవాలు ఇదే.

ఇక మంత్రవిద్య. సీడా నీన్ నుంచి ఉత్తరంగా నాలుగు అడుగులు వేయగానే పైనుంచి కేక వినబడుతుంది, ఒక మాంత్రికుడు ఆకాశం నుంచి దబ్బున పడి చచ్చిపోతాడు. అతని దగ్గరున్న నోటు పుస్తకం తన కొత్త ఆవిష్కారాన్ని గొప్పగా వర్ణిస్తుంది. పక్కనే మూడు మంత్రపత్రాలు. ఒక్కొక్కటీ ఎగిరి దూకే నైపుణ్యాన్ని ఏడు సెకన్ల పాటు 1000 అంకెలు పెంచుతుంది. మామూలుగా ఆ నైపుణ్యం నూరు దగ్గర ఆగుతుందని గుర్తుంచుకుంటే దూకు ఎంత దూరం పోతుందో ఊహించవచ్చు. చదివి దూకినవారు సగం ద్వీపం దాటి పోతారు. నేలకు దిగే లోపు ఏడు సెకన్లు ఎప్పుడో గడిచిపోయి ఉంటాయి కనుక, మాంత్రికుడికి పట్టిన గతే పడుతుంది. రెండో పత్రాన్ని దిగబోయే ముందు చదవాలని తట్టినవారు బతుకుతారు. ఈ ఆట మొత్తం స్వభావం ఈ ఒక్క సంఘటనలో ఉంది: నియమం ఇదీ, అది నిన్నూ వదలదు, ఇక నీ తెలివి.

అదే స్వేచ్ఛ రసవిద్యలో ఆటను నిలువునా చీల్చేస్తుంది. కషాయం బలం చేసేవారి బుద్ధి మీద ఆధారపడుతుంది. బుద్ధిని పెంచే కషాయమూ కాచుకోవచ్చు. ఎన్ని తాగినా ఫలితాలు ఒకదానికొకటి కలుస్తాయి, పై హద్దు లేదు. ఒకటి తాగి రెండోది కాస్తే అది మరింత బలమైనది వస్తుంది, దాన్ని తాగి మూడోది. పది నిమిషాల్లో బుద్ధి వేలల్లోకి వెళుతుంది, ఆ తరువాత కాచిన ఏ కషాయమైనా రోజుల తరబడి పనిచేస్తూ మనిషిని దేవుళ్ల కన్నా బలవంతుణ్ణి చేస్తుంది. అత్యంత వేగంగా ఆట ముగించే పోటీల్లో దిగేవారు ఇలాంటి సందులను వాడుకుని మొత్తం ప్రధాన కథను కొన్ని నిమిషాల్లో దాటేస్తారు. ఆర్థిక వ్యవస్థ అంతకన్నా పలచన. విలువైన కవచాల వెల పదివేలకు పైగా ఉంటుంది, కొనే వర్తకుడి దగ్గర కొన్ని వందలే ఉంటాయి. ఎక్కువ డబ్బున్న కొనుగోలుదారులు ఇద్దరే, ఒకడు కాల్డెరా ఊళ్లో ఉండే చిన్న పిశాచం, రెండోది మాట్లాడే పీత. పిశాచం దగ్గర 5000, పీత దగ్గర 10,000 నాణేలు ఉంటాయి. అమ్మకం పూర్తి కావాలంటే ఒకరోజు నిద్రపోయి మళ్లీ లేచి ఆ పీతతోనే బేరమాడాలి. ఇందులో హాస్యం ఉంది, వ్యవస్థ మాత్రం లేదు.

రసవిద్యకు హద్దు పెడితే సరిపోయేది కదా అంటే, అవును, ఈ ఒక్క చోట సరిపోయేది. కానీ కొత్త మంత్రాలను సొంతంగా కూర్చుకునే వీలు, గాలిలో తేలే మంత్రం, ఏ తాళాన్నైనా తెరిచే మంత్రం ఇవన్నీ అదే నమ్మకం మీద నిలబడ్డాయి. టెల్వాన్నీ వంశపు మాంత్రికుల పుట్టగొడుగు గోపురాల్లో పై అంతస్తుకు మెట్లు ఉండవు. తేలడం చేతకానివాడు తమను కలవడానికి అర్హుడు కాడని ఆ మాంత్రికుల ఉద్దేశం. ఒక వంశపు అహంకారాన్ని భవన నిర్మాణంతో చెప్పగలగాలంటే, ఆడేవారి చేతికి ఆ మంత్రాన్ని నిజంగా ఇవ్వాలి.

కథ విషయంలో ఈ ఆట సాధించినది మరెక్కడా అంత సులువుగా దొరకదు. నెరెవార్ అనే పూర్వకాలపు నాయకుడు మళ్లీ పుడతాడని ఎడారి తెగల జోస్యం. ఆ పుట్టింది నువ్వేనేమో అని ఆట సూచిస్తుంది. ఇంతవరకు పాత కథే. అయితే నెరెవార్ ఎలా చనిపోయాడని అడిగితే ఆలయం వాళ్లు యుద్ధంలో తగిలిన గాయాల వల్ల అంటారు. తెగల వాళ్లు, ఇప్పుడు దేవుళ్లుగా పూజలందుకుంటున్న ముగ్గురే, అంటే వివెక్, అల్మలెక్సియా, సోథా సిల్, చంపేశారంటారు. ఎర్ర పర్వతంలోని శత్రువు డాగోత్ ఉర్ చెప్పుకునేదాని ప్రకారం ద్రోహానికి గురైనవాడు తానే. ఆలయం కొన్ని గ్రంథాలను దాచిపెట్టి, వాటిని చదివే అసమ్మతి పూజారులను వేటాడుతూ ఉంటుంది. ఆట తీర్పు చెప్పదు. ఒక గుహలో, తమనే ఆ అవతారంగా నమ్మి విఫలమైనవారి ఆత్మలు ఎదురవుతాయి. వారికీ మీకూ తేడా ఏమిటంటే మీరు ఇంకా ఓడిపోలేదు. మీరు నిజంగా అవతారమా, లేక చక్రవర్తి జోస్యానికి సరిపోయేలా పంపిన పావా అన్నది చివరిదాకా తెరిచే ఉంటుంది. ముఖ్యమైన పాత్రను ఎవరినైనా చంపేస్తే, జోస్యపు పోగు తెగిందని, పాత సేవ్‌కు వెనక్కి వెళ్లడమో చెడిపోయిన లోకంలోనే కొనసాగడమో మీ ఇష్టమని ఒక సందేశం వస్తుంది. వివెక్‌నే చంపేసినా, బతికి ఉన్న ఆఖరి డ్వెమర్ సాయంతో ముగింపుకు చేరే దొడ్డిదారి ఒకటి ఉంది. దాని గురించి ఎవరూ ఎక్కడా సూచించరు.

ఇంత గొప్ప కథను చెప్పే మనుషులు మాత్రం కొయ్యబొమ్మలు. దుకాణదారుడు అర్ధరాత్రి కూడా అదే గల్లా వెనక నిలబడి ఉంటాడు. పడుకోడు, తినడు, వాన వస్తే లోపలికి పోడు. సంభాషణ విషయాల జాబితాగా ఉంటుంది. ఒక పదం మీద నొక్కితే నిఘంటువు పేజీ లాంటి పేరా వస్తుంది, అదే పేరాను కాపలావాడూ, జాలరీ, దొంగా అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. అంత విస్తారమైన రచనకు గొంతు రికార్డు చేయించడం సాధ్యం కాదు కాబట్టి అక్షరాలే మిగిలాయి, అక్షరాలు కాబట్టే అంత విస్తారం సాధ్యమైంది. ఆ మేరకు ఇది జంట లోపం. అందరూ ఒకే పేరా చదవడం మాత్రం శ్రమ ఆదా చేసుకోవడమే.

లెవెల్ పెరిగే పద్ధతిని సమర్థించే మాట నా దగ్గర ఒక్కటీ లేదు. ఎంచుకున్న నైపుణ్యాలు మొత్తం పదిసార్లు పెరిగితే ఒక లెవెల్ వస్తుంది. ఆ లోపు ఏ లక్షణానికి చెందిన నైపుణ్యాలను ఎక్కువగా పెంచారన్న దాన్ని బట్టి ఆ లక్షణం ఒకటి నుంచి అయిదు దాకా పెరుగుతుంది. దారుఢ్యాన్ని ఆలస్యంగా పెంచుకుంటే, ముందు లెవెళ్లలో కోల్పోయిన ప్రాణశక్తి తిరిగి రాదు. దీంతో కొందరు తాము అసలు వాడని నైపుణ్యాలను ప్రధానమైనవిగా ఎంచుకుని, కాగితం మీద లెక్కలు రాసుకుంటూ ఆడతారు. వాడిన విద్యే పెరుగుతుందన్న అందమైన ఊహను దాని మీద కట్టిన గుమాస్తా లెక్కే పాడుచేసింది.

దారిలో దూకి మీద పడే క్లిఫ్ రేసర్లనే ఎగిరే జంతువుల గురించి ఎక్కువ రాయనవసరం లేదు. వాటిని ఎవరూ ఇష్టపడలేదు. తయారుచేసినవారికీ ఆ సంగతి అర్థమైనట్టుంది, ఓడలో మొదట పలకరించే జియుబ్ అనే ఖైదీని తరువాతి ఆటల్లో, వార్డెన్‌ఫెల్ నుంచి క్లిఫ్ రేసర్లను తరిమేసిన పుణ్యాత్ముడిగా, ఏకంగా సెయింట్‌గా చేశారు.

ఏది దేనికి అంటుకుని ఉందో తేల్చే పరీక్ష 2006లో జరిగింది. ఆ ఏడాది ఈ వరుసలో నాలుగోదిగా వచ్చిన ‘ఆబ్లివియన్’ ఈ ఫిర్యాదులు దాదాపు అన్నిటినీ విన్నది. కత్తి తగిలితే దెబ్బ తగిలినట్టే. మనుషులకు దినచర్య వచ్చింది, సంభాషణకు గొంతు వచ్చింది, దిక్సూచి మీద గమ్యం గుర్తు వచ్చింది. గొంతు రావడంతో మాట కుదించుకుపోయింది. గుర్తు రావడంతో ఎవరూ దారి చెప్పడం మానేశారు, కాబట్టి ఆ గుర్తును చూడకుండా ఆడాలనుకున్నా కుదరదు. ప్రాకారాలున్న నగరాలను విడి భాగాలుగా లోడ్ చేయవలసి రావడంతో, గోడ మీదుగా ఎగిరి చూస్తే అటువైపు అసలు నగరం ఉండదు; అందుకని తేలే మంత్రమే మాయమైంది. శత్రువుల బలం ఆడేవారి లెవెల్‌తో పాటే పెరగడంతో, మోరోవిండ్‌లో చివరి గంటలు మరీ సులువైపోతాయన్న ఫిర్యాదు తీరింది. బదులుగా, దారిదోపిడీగాడు కూడా అపురూపమైన గాజు కవచం తొడుక్కుని చిల్లర నాణేలు అడిగే వింత వచ్చిపడింది. మనుషుల దినచర్య ఒక్కటే ఏ మూల్యమూ చెల్లించకుండా వచ్చిన మెరుగు.

ఆటతో పాటే కంప్యూటర్ కొనుగోలుదారులకు ఇచ్చిన నిర్మాణ సాధనం పుణ్యమా అని, అభిమానులు ఇప్పటికీ మార్పులు చేస్తూనే ఉన్నారు. ‘ఓపెన్ ఎండబ్ల్యు’ అనే స్వేచ్ఛా ఇంజన్ మీద పాత ఆట కొత్త యంత్రాల్లో హాయిగా నడుస్తుంది. ప్రతి దెబ్బా తగిలేలా చేసే మార్పులు కూడా ఉన్నాయి. వాటిని పెట్టుకుంటే చురుకుదనానికి ఉన్న పనిలో సగం పోతుంది, ఓపికను కాపాడుకోవలసిన అవసరం తగ్గుతుంది, ఎదుటివారి దెబ్బలు కూడా అన్నీ తగిలితే మొదటి గుహలోనే ప్రాణం పోతుంది, అది సరిచేయాలంటే దెబ్బల నష్టాన్ని మార్చాలి. ఒక రాయి తీస్తే పై రాయి కదులుతుంది. మార్పు పెట్టుకునే ముందు ఒకసారి అసలు ఆటనే ప్రయత్నించాలనుకునేవారు బల్ల మీది బాకును అమ్మేసి, తమ ప్రధాన నైపుణ్యానికి సరిపోయే ఆయుధాన్ని సీడా నీన్ దుకాణంలోనే కొనుక్కుని, ఊరి అవతల ఉన్న ఆడమసార్టస్ గుహ దాకా పరుగెత్తకుండా నడిచి వెళ్లాలి. గుమ్మం దగ్గర ఆగి, ఓపికను చూపే ఆకుపచ్చ పట్టీ నిండేదాకా కాసేపు నిలబడాలి. లోపల కాపలా కాస్తున్న దొంగరవాణాదారు మీద రెండో దెబ్బో మూడో దెబ్బో తగులుతుంది.